అత్తగారు, అల్లుడుగారు, మధ్యలో నేను

నేను ఒక చక్రాల కుర్చీని. ఆ మాట వినగానే మీ ముఖం జాలిగా మారిపోయి ఉంటుంది, దయచేసి సర్దుకోండి. స్కూటరెక్కి కూరగాయలకు వెళ్ళేవాణ్ణి చూసి ఎవరూ అయ్యో పాపం అనరు. కాళ్ళు చేయవలసిన పని అక్కడా చక్రాలే చేస్తున్నాయి. నాకు పొగ రాదు, హారను లేదు, అంతే తేడా.

రాజమండ్రి శివార్లలో ఒక రేకుల షెడ్డులో, ఇనుప గొట్టాల కట్టగా నా జీవితం మొదలైంది. వంచారు, అతికారు, తళతళలాడే పూత పూశారు, వీపు ఆనే చోటా కూర్చునే చోటా నల్ల రెక్సిను బిగించారు. నన్ను అతికిన వెల్డరు పరీక్ష పేరుతో నా మీద కూర్చుని, షెడ్డంతా దొర్లుతూ టీ తాగి, బాగానే ఉందని చెప్పి దిగిపోయాడు. ఆ తర్వాత నన్ను ఎక్కిన పెద్దవాళ్ళెవరూ అంత సంతోషంగా ఎక్కలేదు.

అక్కణ్ణించి కాకినాడలో మంచాలు, వాకర్లు, ఆక్సిజన్ సిలిండర్లు అద్దెకిచ్చే ఒక కొట్టుకు చేరాను. అద్దెకు తిరిగినవాళ్ళకు లోకజ్ఞానం ఎక్కువ. ఒక కాంట్రాక్టరు కోర్టు వాయిదాకని నన్ను తీసుకెళ్ళాడు. గేటు దాకా గంతులేస్తూ వచ్చి, లాయరు కనుసైగ చేయగానే మూలుగుతూ నాలో కూలబడ్డాడు. వాయిదా దొరకగానే నన్ను తానే మడతపెట్టి, అవలీలగా ఎత్తి ఆటోలో పడేశాడు. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి తాతగారిని మోశాను. తాళి కట్టేదాకా ఆయన నాలో ఉన్నారు. భోజనాల పిలుపు వచ్చాక మాత్రం నన్ను వదిలేసి కర్రతో టకటకా నడిచి వెళ్ళిపోయారు. ఏ ఇంటికి వెళ్ళినా వాళ్ళు కొట్టువాడితో అనే మాట ఒకటే. ఒక నెల చాలండి, నెలలో లేచి తిరిగేస్తారు. ముసలితనం కూడా జలుబులాగా వచ్చి పోతుందని మనుషుల నమ్మకం.

నూకరత్నంగారి ఇంటికి కూడా అలా ఒక నెలకే వెళ్ళాను.

నూకరత్నంగారు పాలిటెక్నిక్ కాలేజీ దగ్గర చాలా ఏళ్ళు మెస్సు నడిపిన మనిషి. భర్త పోయాక పొయ్యిని నమ్ముకుని, ఇల్లు కట్టి, కొడుకునీ కూతురినీ పెంచారు. డెబ్బై దాటాక మెస్సు మూసి, విశ్రాంతి తీసుకుందామనుకున్న ఏడాదే స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. కొడుకు సత్తిబాబుది ఊళ్ళోనే టైల్సు, శానిటరీ సామాన్ల షాపు, వేరే ఇల్లు. కూతురు ఝాన్సీ ఆస్పత్రిలో నర్సు. భర్త లింగమూర్తితో కలిసి తల్లి దగ్గరే ఉంటుంది. లింగమూర్తికి ఒకప్పుడు ఫొటో స్టూడియో ఉండేది. అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చాక స్టూడియోకి జనం రావడం మానేశారు. ఆయన తాళం వేసి ఇంట్లో ఉండిపోయారు. ఝాన్సీ డ్యూటీకి వెళ్ళిపోతే, ఆపరేషనయి వచ్చిన అత్తగారూ, పనిలేని అల్లుడుగారూ ఇంట్లో మిగిలేవారు. మధ్యలో నేను.

చిక్కేమిటంటే, నూకరత్నంగారు అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చుని ఎరగరు. ఆయన గదిలోకి వస్తే కొంగు సర్దుకుని గుమ్మం చాటుకు తప్పుకునే తరం ఆవిడది. ఆ అల్లుడు వెనకనుంచి తోస్తుంటే ముందు దర్జాగా కూర్చుని ఊరేగడమా? ఆవిడ ఒప్పుకోలేదు. మొదటి వారం నా మీద కూర్చున్నవి ఉల్లిపాయల బుట్టా, ఆరబెట్టిన వడియాలూ మాత్రమే.

ఒక మధ్యాహ్నం లింగమూర్తిగారు పొయ్యి మీద పప్పు పెట్టి మరిచిపోయారు. మాడు వాసన మంచం దాకా వచ్చింది. ముప్ఫై ఏళ్ళు మెస్సు నడిపిన ముక్కుకి అంతకన్న అవమానం లేదు. ఆవిడ వడియాలు పక్కకు నెట్టి, పళ్ళు బిగబట్టి నాలో కూర్చున్నారు. అల్లుడు పరుగున వచ్చి వెనక నిలబడ్డారు.

"నన్ను తోత్తన్నాననుకోకండి అల్లుడుగారూ," అన్నారావిడ ముఖం పక్కకు తిప్పుకుని. "కుర్చీని తోత్తన్నాననుకోండి."

"అలాగేనండి అత్తయ్యగారూ," అన్నారాయన, ఆయన కూడా ముఖం పక్కకు తిప్పుకునే. ఇద్దరిలో ఎవరూ దారి చూడకపోవడంతో నేను వెళ్ళి తలుపుకు గుద్దుకున్నాను. అప్పుడు మొదటిసారి ఇద్దరూ నవ్వారు.

నెల అయింది, ఏడాది అయింది, నేను కొట్టుకు తిరిగి వెళ్ళలేదు. లింగమూర్తిగారు పని నేర్చుకున్నారు. మంచం మీంచి ఎలా లేపాలో, మాత్రలు ఏవేళ వెయ్యాలో, వీపు పుళ్ళు పడకుండా ఎలా తిప్పాలో ఝాన్సీ నేర్పింది. స్నానానికి మాత్రం ఝాన్సీయే. మిగతాదంతా ఆయనే. ఫొటోకి మనుషుల్ని కూర్చోబెట్టిన చేతులు కదా, తల కింద దిండు ఎక్కడ పెట్టాలో ఆయనకు బాగా తెలిసేది.

ఆ రోజుల్లో నేనొక వింత గమనించాను. మనిషి కుర్చీ మీంచి చక్రాల కుర్చీలోకి మారగానే చెవులూ నోరూ కూడా పోయాయనుకుంటారు జనం. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆవిడ తల మీదుగా అల్లుణ్ణి అడిగేవారు. నిద్ర పడుతోందా ఆవిడకి? మనుషుల్ని గుర్తుపడుతోందా? ఒకావిడ, ఉప్పు తగులుతుందాండీ పెద్దావిడకి అంది. నూకరత్నంగారు తల పైకెత్తి, "ఇరిగింది తుంటండి, నాలిక కాదు," అన్నారు.

సత్తిబాబు ఆదివారం ఆదివారం వచ్చేవాడు. తల్లంటే ప్రాణం. వస్తూ కాజాలు తెచ్చేవాడు, వెళ్తూ ఒక మాట వదిలేవాడు. ఇల్లు ఇప్పుడే తన పేర రాసిచ్చేస్తే బిల్డరుకిచ్చి అపార్టుమెంటు కట్టిస్తాడట. కింద ఒక ఫ్లాటు అమ్మకి, ఒకటి చెల్లికి. తర్వాత గొడవలుండవు. దుర్మార్గం ఏమీ లేదు అందులో. నిజంగానే అందరికీ మంచిదని నమ్మాడు. నూకరత్నంగారు సగం మెత్తబడ్డారు కూడా. గిఫ్టు డీడు ముసాయిదా ఇంటికి వచ్చింది. ఇక సంతకమే తరువాయి.

సరిగ్గా అప్పుడు ఆవిడకు జ్వరం వచ్చింది. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షను రక్తంలోకి పాకి, ఆవిడ స్పృహ తప్పిపోయారు. నన్ను కూడా ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వరండాలో నా మీద ఫ్లాస్కూ దుప్పట్లూ పెట్టారు. అక్కడే నేను అన్నీ విన్నాను.

ఆవిడ దాచుకున్న డబ్బంతా బ్యాంకులో ఆవిడ ఒక్కరి పేరుతోనే ఉంది. సత్తిబాబు నామినీ. అయితే ఇంకేం, తీసుకొస్తానని ధీమాగా వెళ్ళి ఎర్రబడ్డ ముఖంతో తిరిగొచ్చాడు. నామినీ మాట మనిషి పోయాకేనట. ప్రాణంతో ఉన్నంతకాలం ఆవిడ సంతకమే కావాలట. ప్రాణంతో ఉండడానికే కదండీ డబ్బు అడుగుతున్నది అని వాదించాడట. పాపం, అది తర్కంగా బాగానే ఉంది, కానీ రూలు కాదు. చివరికి అతను షాపు సరుకు తాకట్టు పెట్టాడు. ఝాన్సీ జీతం మీద అప్పు తీసుకుంది.

అది డబ్బు సంగతి. ఇంకొకటి దానికన్న కష్టమైనది. అవసరమైతే వెంటిలేటరు పెట్టమంటారా అని డాక్టరు అడిగాడు. పెట్టండి, ఏది కావాలంటే అది పెట్టండన్నాడు సత్తిబాబు. గొట్టాలతో బతికించొద్దని అమ్మ నాతో అందంది ఝాన్సీ. నీతో అంటే నాతో ఎందుకనలేదన్నాడు అతను. అమ్మని చంపేత్తావా అనేశాడు. ఏడాదిగా ఆవిణ్ణి లేపీ పడుకోబెట్టీ చూసుకుంటున్న లింగమూర్తిగారిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అల్లుడికి అక్కడ మాటలేదు. ఆయన ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని, నా మీదే కూర్చుని, నేల చూస్తూ ఉండిపోయారు.

వెంటిలేటరు అవసరం రాలేదు. ఆవిడ కళ్ళు తెరిచారు, కోలుకున్నారు, ఇంటికొచ్చారు. అన్నాచెల్లెళ్ళు మాత్రం మాట్లాడుకోవడం మానేశారు. జరిగింది కూతురు ఒక వైపు నుంచీ కొడుకు ఇంకో వైపు నుంచీ చెప్పగా విని, ఆవిడ చాలాసేపు నా చేతిపట్టీ నిమురుతూ కూర్చున్నారు. "నేను బతికుండగానే నా మాట నాకు లేకుండా పోయిందన్నమాట," అన్నారు అల్లుడితో. మర్నాడు ఫణీంద్రని పిలిపించమన్నారు.

ఫణీంద్ర ఊళ్ళో పేరున్న వకీలు. చదువుకునే రోజుల్లో ఆవిడ మెస్సులో పెరుగన్నం తిని పెరిగినవాడు. నల్లకోటుతో కారు దిగాడు. ఆవిడ మాత్రం ఒరే ఫణీ, చిక్కిపోయావేంట్రా అన్నారు. అతను గిఫ్టు డీడు ముసాయిదా చదివి పక్కన పెట్టేశాడు. ఇది రిజిస్టరైన మరుక్షణం ఇల్లు మీది కాదన్నాడు. మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు ఇందులో ఒక్క ముక్క లేదు. రేపు అవసరమొచ్చి వెనక్కి అడిగితే మీ చేతిలో పట్టు ఉండదు. వీలునామా వేరు. అది మీ తదనంతరమే పని చేస్తుంది, అందాకా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. అంటే గరిట నా చేతిలోనే ఉంటుందన్నమాట అన్నారావిడ. ఉంటుందన్నాడు. పోనీ కొడుక్కి పవరాఫ్ అటార్నీ ఇస్తే సరిపోదా అని అడిగారు. మీకు మతి బాగున్నంతకాలమే దానికి బలం, మీకు మతి తప్పిన రోజు ఆ కాగితానికీ తప్పుతుందన్నాడు. ఆవిడకి ఆ జవాబు ఎంత నచ్చిందంటే, ఫణీంద్రకి పెరుగన్నం పెట్టించి గాని పంపలేదు.

తర్వాతి ఆదివారం అందర్నీ పిలిచారు. నాలో నిటారుగా కూర్చుని, మెస్సులో రేపటి వంట చెప్పినంత మామూలుగా చెప్పారు. ఇల్లు నా తర్వాత కొడుక్కీ కూతురికీ సమానం. ముందు హాలు టిఫిను సెంటరుకి అద్దెకిస్తున్నాను. ఆ అద్దె, నా డిపాజిట్ల వడ్డీ ఒకే ఖాతాలో పడతాయి. నేను గాని ఝాన్సీ గాని, ఎవరి సంతకమైనా చెల్లుతుంది. గొట్టాల సంగతి నా ఇష్టం ప్రకారం, సాక్షులతో, నోటరీతో రాయిస్తున్నాను. మీరిద్దరూ దాని మీద కొట్టుకోనవసరం లేదు. ఇక్కడిదాకా అందరూ తలలూపారు. అప్పుడు ఆవిడ ఆఖరి అంశం చెప్పారు. ఆ ఖాతాలోంచి లింగమూర్తిగారికి నెలనెలా జీతం. వారానికొక రోజు సెలవు. ఆ రోజు సత్తిబాబు వచ్చి చూసుకోవాలి.

లింగమూర్తిగారి ముఖం నల్లబడింది. "నేను మీ అల్లుణ్ణాండి, పనోణ్ణాండి?"

"అల్లుడుగారికి పండక్కి బట్టలెడతారు. పనోడికి జీతమిత్తారు. మీరు రెండు పనులూ చేత్తన్నారు, నేను ఒకటే ఇత్తన్నాను. ఆ లెక్క నాకు నచ్చలేదండి."

"ఊరు నవ్వుద్దమ్మా," అన్నాడు సత్తిబాబు.

"నవ్వనీరా. ఆ ఊరొచ్చి నన్ను బాత్రూముకి తీసుకెళ్ళదుగా."

లింగమూర్తిగారు చొక్కా మార్చుకుని సామర్లకోటలో ఉన్న అన్నగారింటికి వెళ్ళిపోయారు. మనిషికి పని చేయడం అవమానంగా ఉండదు, చేసిన పనికి పేరు పెడితే అవమానం. ఇది నాకు ఈనాటికీ అర్థం కాని విషయం. ఝాన్సీకి సెలవు దొరకలేదు. సత్తిబాబు, ఇన్నాళ్ళూ నాకెవరూ అవకాశం ఇవ్వలేదు గాని అంటూ, తల్లినీ నన్నూ తన ఇంటికి తీసుకెళ్ళాడు.

సత్తిబాబు ఇల్లు అద్దంలా ఉంటుంది. స్నానాల గది అయితే షాపులో నమూనాకి పెట్టినంత అందం. గోడల మీద నీలం టైల్సు, పైన వాన కురిపించే షవరు. లోపలికి వెళ్ళడమొక్కటే చిక్కు. నా వెడల్పుకి ఆ తలుపు చాలదు. గుమ్మానికి మెట్టు. లోపల నేల మీద చీమ నడిచినా జారుతుంది. ఊరందరికీ స్నానాల గదులు అమర్చినవాడు సొంత తల్లిని తన గది గుమ్మం దాటించలేకపోయాడు. అతనూ, భార్య మాణిక్యమూ కలిసి ఆవిణ్ణి ఎత్తారు, దించారు, మళ్ళీ ఎత్తారు. మాణిక్యం గట్టి మనిషి, నవ్వుమొహం. అత్తగారికి తలంటి, ముద్దలు కలిపి పెట్టింది. సత్తిబాబుకే నడుం పట్టేసింది. నిలబడలేడు, వంగలేడు. ఇంట్లో అతను కూర్చోగలిగిన సీటు ఒక్కటే మిగిలింది. తల్లి మంచం మీద ఉన్నారు, కొడుకు నాలో ఉన్నాడు. అక్కణ్ణించే ఫోను చేశాడు.

"బావా, నువ్వొచ్చెయ్యి," అన్నాడు. "ఇది ప్రేమతో అయ్యే పని కాదు బావా. ప్రేమ నాకూ ఉంది. నడువే లేదు."

మంచం మీద నూకరత్నంగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వో ఏడుపో నాకు కనబడలేదు.

లింగమూర్తిగారు ఆ సాయంత్రమే వచ్చారు. గుమ్మంలో నన్ను వెనక్కి తిప్పి, మెట్టు మీంచి మెల్లగా దించి, బయటికి తెచ్చాక అత్తగారి ఎదుట నిలబడి, జీతం తీసుకుంటానండి అన్నారు. ఎందుకు ఒప్పుకున్నారో ఎవరికీ చెప్పలేదు. నాకు తెలుసు. స్టూడియో మూతపడ్డాక గడ్డం గీసుకునే బ్లేడుకి కూడా ఆయన భార్యని అడగవలసి వచ్చేది. అడిగే ముందు నా పక్కన నిలబడి గొంతు సవరించుకునేవారు. మొదటి జీతం వచ్చిన వారం, తన సెలవు రోజున, ఝాన్సీని మ్యాటినీకి తీసుకెళ్ళారు. టిక్కెట్లు తానే కొన్నారు. సత్తిబాబు బెల్టు కట్టుకుని తల్లి దగ్గర కూర్చున్నాడు. చెల్లెలు సినిమా నించి రాగానే, కాఫీ ఏవన్నా ఇత్తావా అని అడిగాడు. ఆస్పత్రి వరండా తర్వాత అతను ఆమెతో అన్న మొదటి మాట అదే.

వీలునామా రిజిస్టరు చేయించిన రోజు నాకు బాగా గుర్తు. ఆఫీసు పై అంతస్తులో ఉంది. నడుం కుదుటపడ్డ సత్తిబాబూ, లింగమూర్తిగారూ చెరో వైపు పట్టి, ఆవిడతో సహా నన్ను మెట్లెక్కించారు. సాక్షులు పాత మెస్సు కుర్రాళ్ళు, ఇద్దరికీ బట్టతలే. సబ్‌రిజిస్ట్రారు ఒక నడివయసు ఆవిడ. అలవాటు ప్రకారం పెద్దావిడ ఇష్టపూర్వకంగానే రాస్తోందా అని అడిగింది. అవునండి అన్నాడు సత్తిబాబు. అవునండి అన్నారు సాక్షులు. ఆవిడ కలం పక్కన పెట్టి, కుర్చీ లోంచి లేచి వచ్చి, నా ముందు వంగి నూకరత్నంగారి కళ్ళలోకి చూసింది.

"నేను మిమ్మల్నే అడుగుతున్నానమ్మా. మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేశారా?"

"చేసిందండి," అన్నారు నూకరత్నంగారు. "నా తుంటి."

ఆఫీసంతా నవ్వింది. నూకరత్నంగారు నవ్వలేదు. ఎవరికి ఏమి ఇస్తున్నదీ, ఎందుకిస్తున్నదీ ఒక్కొక్కటే నింపాదిగా చెప్పి, వేలిముద్ర వద్దని, సంతకమే పెట్టారు.

ఆ తర్వాత కొన్నేళ్ళు బతికారు. ఆఖరి జబ్బులో డాక్టరు మళ్ళీ అదే ప్రశ్న వేస్తే, అన్నాచెల్లెళ్ళు కాగితం అతని చేతిలో పెట్టి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ తన గదిలో, తన మంచం మీద, అల్లుడు సర్దిన దిండు మీద తల ఆనించి వెళ్ళిపోయారు. ఇల్లు విషయంలో ఒక్క మాట తేడా రాలేదు. మెస్సులో వాడిన పెద్ద ఇత్తడి గుండిగ సంగతి వీలునామాలో రాయడం ఫణీంద్ర మరిచిపోయాడు. దాని కోసం మాత్రం నెలరోజులు ముఖాలు ముడుచుకున్నారు. మనుషులు పూర్తిగా బాగుపడతారని నేనెక్కడా చెప్పలేదు.

కొట్టువాడికి ధర కట్టి లింగమూర్తిగారు నన్ను కొనేశారు. ఇప్పుడు వాళ్ళ వరండాలో ఒక మూల ఉంటున్నాను. రెక్సిను చిట్లింది, ఒక చక్రం కూనిరాగం తీస్తుంది.

మొన్న సత్తిబాబు వచ్చాడు. ఆదివారం కాదు, చేతిలో కాజాలు లేవు. ఇంట్లో కుర్చీలుండగా వచ్చి నాలోనే కూర్చున్నాడు. చాలాసేపు షాపు సంగతులు మాట్లాడి, చివరికి అసలు మాట చెప్పాడు. మాణిక్యం ఈమధ్య కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోందట. మార్కెట్టుకని వెళ్ళి, తెలిసిన వీధిలోనే నిలబడిపోయిందట. డాక్టరు పరీక్షలు చేసి, మరపు మెల్లగా ఇంకా పెరుగుతుందని చెప్పాడట. షాపు స్థలం ఆమె పేరున ఉంది. బ్యాంకులో సగం ఆమె పేరున ఉంది.

"ఏం చెయ్యాలో పాలుపోట్లేదు బావా. ఫణీంద్ర దగ్గిరికి నువ్వు కూడా వత్తావా? కాయితాలన్నీ మనిద్దరం కూర్చుని రాయించేద్దాం. దానికి చెప్పి బాధపెట్టడం దేనికి?"

లింగమూర్తిగారు లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చారు.

"మనిద్దరం కాదు బావగారూ, ముగ్గురం," అన్నారు. "ఆవిడికింకా తెలివి బాగానే ఉంది. ఆవిడికేం కావాలో ఆవిణ్ణే అడుగుదాం. ఇప్పుడే అడుగుదాం."

సత్తిబాబు నా చేతిపట్టీలు పట్టుకుని లేవబోయి, లేవలేక, మళ్ళీ కూర్చుండిపోయాడు. అతని భుజాలు కదలడం నాకు తెలిసింది. లింగమూర్తిగారు చెయ్యి అందించారు. ఇద్దరూ మెట్లు దిగి, మాణిక్యం దగ్గరకు నడిచి వెళ్ళారు. ఆమె కాళ్ళు బంగారంలా ఉన్నాయి, నా అవసరం లేదు. ఉండకూడదనే నా కోరిక.

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో పక్కింటి పిల్లి వచ్చి నా ఒళ్ళోకి గెంతి, అటూ ఇటూ తిరిగి, చుట్టచుట్టుకుని పడుకుంది. అది మాత్రం నా ఇష్టమేమిటో అడగలేదు.